రాసిపెట్టుకున్న ఓట్లు

కొండలరావు ప్రచార వ్యాను ఎర్రమిట్ట కాలనీలోకి వచ్చినప్పుడు శాంతయ్య అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడని మర్యాదకి అనుకోవాలి. నిజానికి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మనిషిని చూడటం ఎంత ఇష్టం లేదో, ఆ మనిషి కంట పడటం అంతకన్నా ఇష్టం లేదు.

శాంతయ్య ముప్ఫై రెండేళ్ళు జగ్గయ్యపేట డిపోలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య అతను టికెట్టు కొట్టని మనిషి లేడు. ఎవరు చిల్లర దాచుకుని పెద్ద నోటు తీస్తారో, ఎవరు ఏడేళ్ళ పిల్లని నాలుగేళ్ళదంటారో అతనికి కంఠతా. కొండలరావు సంగతీ అలాగే తెలుసు. పాతికేళ్ళ క్రితం కేబుల్ టీవీ వైర్లు లాగుతూ తిరిగే రోజుల్లో కొండలరావు ఎవరిదో స్టూడెంట్ పాసు పట్టుకుని బస్సెక్కేవాడు. పాసు మీద ఫొటోకీ ఇతనికీ ఎక్కడా పోలిక లేదు. "ఇది నువ్వేనా?" అని అడిగితే, "జ్వరమొచ్చి తగ్గింది సార్, మారిపోయా" అనేవాడు, సూటిగా కళ్ళలోకి చూస్తూ.

ఆ మనిషి ఇప్పుడు జెడ్పీటీసీకి నిలబడ్డాడు. పార్టీ లేదు, కుట్టుమిషను గుర్తు. కేబుల్ పోయాక పాత బైకుల బేరాలు, అవి పోయాక ప్లాట్ల బేరాలు చేసి, ఏదీ నిలవక, చివరికి ఫోను పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడి అధికారుల్ని తిడుతూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టాడు. అది నిలిచింది. తిట్టు ఎంత పచ్చిగా ఉంటే అంతమంది చూసేవారు. ఇప్పుడు వ్యాను మీద నిలబడి మైకులో చెబుతున్నాడు.

"నన్ను గెలిపించండి, పదంటే పదిరోజుల్లో క్వారీ మూయిస్తా. ఆ గోతిలో నీళ్ళు నింపి చేపల చెరువు చేయిస్తా. ఇంటికో వాటా రాసిస్తా. వేదాద్రి దగ్గర కృష్ణలోంచి పైపేసి మీ వంటింట్లోకి నీళ్ళు తెస్తా. నేను మీ బిడ్డనమ్మా."

జెడ్పీటీసీకి ఉన్న అధికారం ఎంతో శాంతయ్యకి తెలుసు. జిల్లా పరిషత్ మీటింగుకి వెళ్ళి, టీ తాగి, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి రావచ్చు. ఆ అధికారంతో వీడు చేపల్ని పెంచుతాడట. పేపరు వెనక శాంతయ్యకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. వీణ్ణి చూడటానికి చర్చి నిండా పట్టేంత జనం వచ్చారు. వారం క్రితం శాంతయ్య స్వయంగా ఇంటింటికీ తిరిగి పార్టీ కరపత్రాలు పంచితే గడప దాటి వచ్చినవాళ్ళు లేరు.

పార్టీ అంటే వాళ్ళకి ఒకటే పార్టీ. శాంతయ్య నాన్న కాలం నుంచీ ఎర్రమిట్ట కాలనీ మొత్తం దానికే వేసేది. శాంతయ్య రిటైరైన దగ్గర్నుంచీ అతనే బూత్ ఏజెంటు, అంతకుముందు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పేరు బయట పడకుండా పనంతా చేసిపెట్టినవాడూ అతనే. మండలంలో పార్టీకి పెద్ద తిరుపతిరావు గారు. ఈసారి అభ్యర్థి ఆయన కొడుకు నవీన్‌బాబు. ఇంకో పెద్ద పార్టీ కూడా ఉంది కానీ, దాని అభ్యర్థి ఎవరో ఆ పార్టీవాళ్ళే అడిగి తెలుసుకుంటున్నారు.

వ్యాను రత్నమణి ఇంటి ముందు ఆగింది. మిరపకోతలకి వెళ్ళే ఒంటరి మనిషి రత్నమణి. కాలనీలో క్వారీకి అందరికన్నా దగ్గర ఇల్లు ఆమెదే. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి క్వారీలో సైరన్ మోగుతుంది, తర్వాత బ్లాస్టింగ్. తొమ్మిదేళ్ళుగా కాలనీలో గోడలన్నీ బీటలు వారుతూనే ఉన్నాయి. రత్నమణి గోడలో బీట ఎంత వెడల్పంటే, ఆమె దువ్వెన అందులో పెట్టుకుంటుంది.

పేపరు మడిచి శాంతయ్య కూడా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏం చెబుతాడో విని పార్టీకి చెప్పాలి కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. లోపల కొండలరావు కింద చతికిలబడి, రత్నమణి ఇచ్చిన నీళ్ళు తాగి, బీటలో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవడ్రా, క్వారీ మేనేజరువా? నేను కొండలరావుని. ఇక్కడ మా అక్క ఇంట్లో కూర్చున్నా. మీ యజమాని ఇంటి గోడలో దువ్వెన పెట్టుకుంటాడా? ఏం, మా అక్కది కొంప కాదా? రేపు పొద్దున్నకల్లా నువ్వొచ్చి మా అక్క కాళ్ళు పట్టుకోకపోతే నీ ఆఫీసు కుర్చీలు రోడ్డు మీద ఉంటయ్. వినపడిందా? నోరు లేవటం లేదేం?"

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో కొండలరావు ఫోను దించి అందరి వైపూ ఆడించాడు. కిటికీ దగ్గరున్న శాంతయ్యకి తెర స్పష్టంగా కనిపించింది. దాని మీద కొండలరావు సొంత ఫొటో ఉంది, కూలింగ్ గ్లాసులతో. కాల్ ఏమీ లేదు. అవతల మనిషే లేడు.

శాంతయ్య ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ప్రేమకుమారి ఆ కాలనీ అంగన్‌వాడీ టీచరు. ఆమె కూడా అక్కడే, గుమ్మంలో నిలబడి చూసొచ్చింది.

"వాడు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఉత్త ఫోన్ పట్టుకుని అరిచాడు. నా కళ్ళతో చూసా."

"నేనూ చూసా" అంది ఆమె బియ్యం చేటలో పోసుకుంటూ.

"చూసి చప్పట్లు కొట్టావా?"

"కొట్టా."

"బుద్ధుండాలి మనిషికి."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "మన తరఫున ఒకడు ఆ క్వారీవాణ్ణి ఏరా అనటం ఇన్నేళ్ళలో ఇదే వినటం. అవతల ఎవడూ లేకపోయినా వినటానికి బాగుందండి. మీ తిరుపతిరావు గారు ఉత్త ఫోన్లో అయినా ఒక్కసారి అన్నాడా?"

చదువుకున్నది, పిల్లలకి అక్షరాలు దిద్దించేది, ఈమే ఇలా ఉంటే మిగతావాళ్ళ సంగతేమిటి అనుకున్నాడు శాంతయ్య. మూర్ఖులు, వట్టి మూర్ఖులు. వీళ్ళ కోసం తాను తొమ్మిదేళ్ళలో క్వారీ మీద పదకొండు అర్జీలు రాశాడు. తన చేత్తో, గుండ్రంగా, కొట్టివేత లేకుండా. ఒక్కొక్కటీ పట్టుకెళ్ళి తిరుపతిరావు గారి చేతిలో పెట్టాడు. ఆయన ప్రతిసారీ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని "చూద్దాంలే శాంతయ్యా" అన్నారు. శాంతయ్య వచ్చి కాలనీలో "సారు చూస్తానన్నారు" అని చెప్పాడు. పదకొండుసార్లు చెప్పాడు.

ఆ ఆదివారం నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో పార్టీ సమావేశం జరిగింది. చుట్టుపక్కల మండలాల ఏజెంట్లందర్నీ పిలిచారు. శాంతయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని తొమ్మిదింటి బస్సుకి వెళ్ళాడు. పరిస్థితి బాగాలేదని, ఒకసారి కాలనీకి రమ్మని తిరుపతిరావు గారికి చెప్పటమే అతని పని.

వేదిక మీద పెద్ద తెర కట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన సర్వే కంపెనీ అమ్మాయి యశస్విని తెర మీద మండలాల మ్యాపులు వేసి చూపిస్తోంది. కొన్ని బూత్‌లు ఎరుపు, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. ఎర్రమిట్ట ఆకుపచ్చగా ఉంది. అది చూడగానే శాంతయ్య ఛాతీ కొంచెం విచ్చుకుంది. పక్క కుర్చీలో ఉన్న చెవిటికల్లు ఏజెంటుకి వేలుతో చూపించి, "అది మాదే" అన్నాడు.

"ఎరుపు వదిలేద్దాం" అంది యశస్విని. "పసుపు మీద మన టైమంతా పెట్టాలి. వాళ్ళు ఎటైనా పోతారు కాబట్టి ఏం కావాలో అడిగి చెయ్యాలి. ఆకుపచ్చవి సేఫ్. ఎక్కువగా ఎస్సీ కాలనీలు, వాళ్ళకి వేరే ఆప్షన్ లేదు. అక్కడ టైమ్, రిసోర్సెస్ వేస్ట్ చెయ్యక్కర్లేదు."

వేదిక మీద తిరుపతిరావు గారు మైకు అందుకున్నారు. "ఎర్రమిట్ట అయితే రాసిపెట్టుకున్నట్టే. అక్కడ మన శాంతయ్య ఉన్నాడు. ఏడీ, లే శాంతయ్యా. ఈ పెద్దమనిషి ఉన్నంతకాలం ఆ కాలనీలో నేను అడుగు పెట్టక్కర్లేదు. పెట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. శాంతయ్య లేచి చేతులు జోడించి కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ ఆ మాటకి అర్థం బుర్రకెక్కలేదు. నువ్వు మంచివాడివి కాబట్టి నీ ఇంటికి రాను అని నలుగురిలో చెప్పి, దానికి చప్పట్లు కొట్టించి, దండం కూడా పెట్టించుకున్నారు. ముప్ఫై రెండేళ్ళు బస్సులో ఎన్నో రకాల మోసాలు పట్టుకున్నవాడు తన మీద ఇంత కాలంగా జరుగుతున్నదాన్ని కనిపెట్టలేకపోయాడు.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాడు. పెద్దలకి పైన ఏసీ గదిలో, ఏజెంట్లకి కింద షామియానాలో. మెట్ల మీద ఎదురొచ్చిన తిరుపతిరావు గారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశారు.

"సార్, ఈసారి గాలి బాగాలేదండి. ఒక్కసారి మీరూ బాబుగారూ రండి. ఒంటిగంటన్నరకి రండి, బ్లాస్టింగ్ టైముకి. పదినిమిషాలు ఎవరింట్లోనైనా కూర్చోండి. మీకే తెలుస్తుంది."

"ఆ కొండలరావుగాణ్ణి చూసి బెదిరిపోతున్నావా? వాడొక మనిషా?"

"వాడు మనిషి కాదనే నేనూ అంటన్నానండి. కానీ వాడు వచ్చి కింద కూర్చున్నాడు."

తిరుపతిరావు గారు నవ్వారు. "సరేలే. గురువారం వస్తాం. నీ మాట కాదంటానా?"

గురువారం నాడు శాంతయ్య కాలనీ అంతా తిరిగి చెప్పాడు. రత్నమణి ఇల్లు ఊడ్చి, పక్కింటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. ఒంటిగంటకి మూడు కార్లు వచ్చాయి. తిరుపతిరావు గారు, నవీన్‌బాబు, వాళ్ళతో పార్టీ మండల అధ్యక్షుడు జగన్నాథరావు దిగారు. కొండలరావు సభకి వచ్చినంతమంది కాకపోయినా జనం వచ్చారు. నమ్మకంతో వచ్చారని కాదు. పెద్దాయన తలమీద దుమ్ము రాలుతుంటే చూడాలని వచ్చారు.

తిరుపతిరావు గారు కుర్చీలో కూర్చుని బీట వంక చూసి "అయ్యయ్యో" అన్నారు. నవీన్‌బాబు మాస్కు తియ్యకుండా నిలబడే ఉన్నాడు. ఒంటిగంటన్నర అయింది. సైరన్ మోగలేదు. రెండైంది. క్వారీ వైపు నుంచి చప్పుడే లేదు. కాకి అరుపు కూడా వినపడుతోంది.

"ఏదయ్యా మీ బ్లాస్టింగు?" అన్నారు తిరుపతిరావు గారు చిరునవ్వుతో. జగన్నాథరావు గట్టిగా నవ్వాడు. "ఇళ్ళు కట్టినప్పుడు సిమెంటు సరిగా కలపరు, తర్వాత క్వారీ మీద పడతారు."

శాంతయ్య తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళలో ఆదివారం తప్ప ఒక్కరోజు కూడా ఆగని చప్పుడు ఇవాళే ఎందుకు ఆగింది? కార్ల దగ్గరికి సాగనంపుతూ, ఏదో ఒకటి చెప్పాలి కదా అని నవీన్‌బాబుతో అన్నాడు.

"రోజూ ఉంటదండి బాబుగారూ. ఇవాళెందుకో లేదు. మీరు నమ్మాలి."

"తెలుసు తెలుసు" అన్నాడు నవీన్‌బాబు చేతులకి శానిటైజర్ రాసుకుంటూ. పాపం, అతను దాచాలని కూడా అనుకోలేదు. "నేనే మేనేజర్‌కి చెప్పా, మేము వెళ్ళేదాకా ఆపమని. నాకు డస్ట్ ఎలర్జీ. మన టిప్పర్లు అక్కడే తిరుగుతున్నయ్ కదా, మన మాట వింటారు."

కార్లు వెళ్ళిపోయాయి. శాంతయ్య రోడ్డు మీదే నిలబడ్డాడు. తిరుపతిరావు గారి టిప్పర్లు క్వారీలో తిరుగుతున్న సంగతి కొత్తది కాదు, మండలమంతటికీ తెలుసు. పెద్దవాళ్ళకి వ్యాపారాలుంటాయి, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయి, ఒక్క మాటతో అయ్యే పని కాదు అని అతనే పదిమందికీ నచ్చజెప్పేవాడు. ఒక్క మాటతో అయ్యే పనే. కొడుక్కి తుమ్ములు రాకుండా ఉండటానికి అయింది.

కార్ల దుమ్ము అణగకముందే సైరన్ మోగింది. ఆ వెంటనే నేల అదిరింది. రోజుటికన్నా గట్టిగా అదిరిందేమో, లేక అతనికే అలా అనిపించిందేమో. రత్నమణి ఇంటి పైకప్పు రేకు ఒకటి విరిగి, పెద్దాయన కోసం వేసిన కుర్చీ మీద పడింది. అందులో ఎవరూ లేరు.

కాలనీవాళ్ళు అతని మీద కోప్పడతారనుకున్నాడు. ఎవరూ కోప్పడలేదు. నవ్వారు. ముందు రత్నమణి నవ్వింది, ఆమెని చూసి మిగతావాళ్ళు.

"పాపం అన్నయ్యా, సారు పోయేదాకా ఆగిందిలే" అంది ఆమె. "మర్యాద తెలిసిన బాంబు."

ఆ రాత్రి అతను పన్నెండో అర్జీ రాయలేదు. ఆ తర్వాత కూడా రాయలేదు. కానీ పోలింగు రోజున ఎప్పటిలాగే బూత్‌లో ఏజెంటు కుర్చీలో కూర్చున్నాడు. ఒప్పుకున్న పని ఎగ్గొట్టటం అతని ఒంట్లో లేదు. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, పేరు పిలిచినప్పుడల్లా గీత గీస్తూ, దొంగ ఓటు ఒక్కటి పడకుండా చూశాడు. ఎదురు కుర్చీలో కొండలరావు ఏజెంటు వెస్లీ, వయసులో ఉన్న ఎలక్ట్రీషియను, సగం పేర్లు తప్పు గీసుకుంటూ ఉంటే శాంతయ్యే దిద్దిపెట్టాడు.

పన్నెండున్నరకి రద్దీ తగ్గింది. శాంతయ్య లేచి తన ఓటు వెయ్యటానికి వెళ్ళాడు. బ్యాలెట్ కాగితం తీసుకుని అట్టల చాటుకి వెళ్ళి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. కాగితం మీద పైన పార్టీ గుర్తు, కింద కుట్టుమిషను. పార్టీ గుర్తు మీద ముద్ర వెయ్యటం అతని చేతికి బాగా అలవాటు. చెయ్యి అటే వెళ్ళింది. ఆపాడు.

కొండలరావు దొంగ. ఆ విషయంలో శాంతయ్యకి అనుమానం లేదు. గెలిస్తే చెరువూ ఉండదు, చేపా ఉండదు. ఇప్పుడైనా ఆ బస్సులో దొరికితే స్టూడెంట్ పాసు లాక్కుని వాణ్ణి కిందికి దించేస్తాడు. కానీ తిరుపతిరావు గారు ఈ పాటికి ఇంట్లో భోజనానికి కూర్చుని ఉంటారు. ఎర్రమిట్ట గురించి ఆయనకి దిగులుండదు. ఆకుపచ్చ రంగు వేసి పెట్టుకున్నారు. ఆ భోజనం సాఫీగా దిగటానికి తాను ఇన్నేళ్ళుగా విస్తరి వేస్తున్నాడు. ఒక్కసారైనా, ఒక్క ముద్దయినా, ఆయన గొంతులో అడ్డంపడాలి.

శాంతయ్య కుట్టుమిషను మీద ముద్ర వేశాడు. వేసినప్పుడు కొండలరావు మీద రవ్వంత ఇష్టం కూడా కలగలేదు. కాగితం మడిచి పెట్టెలో వేసి, వచ్చి తన కుర్చీలో కూర్చుని, సాయంత్రం ఐదింటిదాకా పార్టీ తరఫున గీతలు గీశాడు.

కొండలరావు గెలిచాడు. గెలవటం అంటే మామూలుగా కాదు. ఆకుపచ్చ బూత్‌లున్న ఊళ్ళన్నీ కట్టకట్టుకుని అటు పోయాయి.

రెండు రోజులకి తిరుపతిరావు గారు కబురు పెట్టారు. జగ్గయ్యపేటలో ఆయన మేడ కింద హాల్లో పది పన్నెండుమంది ఉన్నారు. ఎవరు చచ్చిపోయారో చెప్పకుండా చావింటికి పిలిచినట్టుంది. జగన్నాథరావు మాట్లాడుతున్నాడు.

"జనానికి సిగ్గులేదండి. ఫోన్లో బూతులు వింటారు, వాటికే ఓట్లేస్తారు. వీళ్ళకి ప్రజాస్వామ్యం ఎందుకండీ? ఎగిరి గంతులేసేవాడు కావాలి వీళ్ళకి."

"శాంతయ్యా" అన్నారు తిరుపతిరావు గారు. ఈ రెండు రోజుల్లో మనిషి కొంచెం చిక్కారు. "మీ కాలనీకి నేనేం తక్కువ చేసా? చర్చికి ఫ్యాన్లిచ్చా. మీ అమ్మాయి పెళ్ళికి వచ్చా. వాళ్ళని ఎవడు తిప్పాడో చెప్పు. నువ్వైతే అబద్ధం చెప్పవు."

"ఎవరూ తిప్పలేదండి. వాళ్ళే తిరిగారు" అన్నాడు శాంతయ్య. "నేనూ వాడికే వేసానండి."

జగన్నాథరావు నోరు తెరిచి, తిరుపతిరావు గారి ముఖం చూసి మూసుకున్నాడు.

"నువ్వా?" అన్నారు తిరుపతిరావు గారు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ గొంతులో. రోజూ కూర్చునే కుర్చీ లేచి నడిచినట్టు చూశారు. "వాడు దొంగ అని నీకు తెలుసు కదయ్యా."

"బాగా తెలుసండి. మీకన్నా ముందు నుంచీ తెలుసు."

"మరి ఎందుకు వేసావు?"

"ఆ గురువారం మీరొచ్చినప్పుడు బ్లాస్టింగ్ ఆగిందండి."

తిరుపతిరావు గారు అర్థంకానట్టు చూశారు. కొడుకు వైపు తిరిగారు. కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. "ఆగితే మంచిదే కదా" అన్నారు చివరికి, నిజంగానే అడుగుతూ. "మీకు కావాల్సింది అదే కదా?"

ఇన్నేళ్ళూ శాంతయ్యకి ఆయన మీద భయం ఉండేది, గౌరవం ఉండేది, ఎక్కడో కొంచెం ప్రేమ కూడా ఉండేది. ఆ ప్రశ్న విన్నాక మూడూ పోయాయి. ఈయన దుర్మార్గుడు కూడా కాదు, దానిక్కూడా కొంత తెలివి కావాలి అనుకున్నాడు. "వెళ్ళొస్తానండి" అని లేచి బయటికొచ్చాడు. ఎవరూ ఆపలేదు.

కొండలరావు గెలిచిన పదోరోజూ అయిపోయింది, ఇరవయ్యోరోజూ అయిపోయింది. క్వారీ మూతపడలేదు. మూడో నెలలో క్వారీ దారిలో మూడు కొత్త టిప్పర్లు కనిపించాయి. అద్దం మీద కొండలరావు ఫొటో, దాని కింద 'జనం బిడ్డ' అని. ప్రేమకుమారి అంగన్‌వాడీ నుంచి వస్తూ చూసి, ఇంటికొచ్చి చెప్పింది. ఆమె ఆశ్చర్యపోలేదు. శాంతయ్యా ఆశ్చర్యపోలేదు. వీడి దగ్గర ఆశపడిందేమీ లేదు కాబట్టి పోయిందీ లేదు.

మర్నాడు పొద్దున్నే రత్నమణి వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనక ఇంకో పదిహేనుమంది ఆడవాళ్ళు. కోతలు మానేసి వచ్చారు.

"రోడ్డు మీద కూర్చుంటన్నం అన్నయ్యా. అర్జీ గిర్జీ ఏం రాయొద్దు. నువ్వు కూడా వచ్చి కూర్చో."

శాంతయ్య వెళ్ళి కూర్చున్నాడు. అరవై దాటిన మోకాళ్ళు మడతపడటానికి చాలాసేపు పట్టింది. పది గంటలకల్లా వాళ్ళ ముందు టిప్పర్లు వరసగా ఆగిపోయాయి. వాటిలో తిరుపతిరావు గారివీ ఉన్నాయి, జనం బిడ్డవీ ఉన్నాయి. డ్రైవర్లు ఇంజన్లు ఆపి నీడలో కూర్చుని బీడీలు వెలిగించారు.

మొదట కొండలరావు వచ్చాడు, కారు దిగుతూనే ఫోను పైకెత్తి. "అక్కా, మీ పోరాటం నా పోరాటం. నేను మీతోనే కూర్చుంటా."

"ఆ వరసలో మూడు బండ్లు నీవి" అంది రత్నమణి. "ముందు వాటిని వెనక్కి తిప్పించు."

"అవి నావి కాదక్కా. నా బావమరిదివి."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అప్పటిదాకా తన మాటలకి చప్పట్లు కొట్టిన చేతులే నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే కొండలరావు ముఖం పాలిపోయింది. శాంతయ్య వంక తిరిగాడు. "బాబాయ్, నువ్వన్నా చెప్పు. నువ్వు కూడా నాకే వేసావంట."

"వేసా" అన్నాడు శాంతయ్య. "నీ ముఖం చూసి కాదు. పక్కకి జరుగు, నీళ్ళు పంచుతున్నారు."

కొండలరావు తెల్ల ప్యాంటు పాడవని చోటు కోసం రోడ్డంతా చూశాడు. అలాంటి చోటు లేదు. కాసేపు ఫోన్లో ఏదో మాట్లాడుతున్నట్టు నటించి వెళ్ళిపోయాడు.

పన్నెండింటికి మోటారు సైకిలు మీద జగన్నాథరావు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. వంగి శాంతయ్య చెవిలో చెప్పాడు. "తిరుపతిరావు గారు చాలా సంతోషించారు. ఆ కొండలరావుగాడికి భలే బుద్ధి చెబుతున్నావు. సారు జెండాలు తీసుకుని బయల్దేరుతున్నారు, మీతో కూర్చుంటారంట. మనవాళ్ళందర్నీ లేవకుండా చూడు."

"రావద్దని చెప్పండి" అన్నాడు శాంతయ్య.

"అదేంటయ్యా?"

"ఆయన బండ్లు కూడా ఈ వరసలోనే ఉన్నయ్. ఇక్కడ మీవాళ్ళెవరూ లేరు."

జగన్నాథరావు ఇంకా ఏదో చెప్పబోతుంటే రత్నమణి అతని చేతిలో ఖాళీ బిందె పెట్టి, "వచ్చావుగా, ఆ బోరింగు దగ్గర నింపుకురా" అంది. అతను బిందె వైపూ, జనం వైపూ చూసి, దాన్ని అక్కడే కింద పెట్టి బండెక్కాడు.

ఒంటిగంటకి క్వారీ మేనేజరు, అతని వెనకే పోలీసు జీపు వచ్చాయి. మాట్లాడుకుందాం అన్నారు. గోడల కింద నేల ఎంత అదురుతుందో కొలిచే మిషను పెట్టించి, ఆ లెక్క వచ్చాక మాట్లాడదాం అని ప్రేమకుమారి చెప్పింది. ఎస్సై కాగితం మీద రాసుకున్నాడు. ఆ రోజు సైరన్ మోగలేదు. మర్నాడు మోగుతుందో లేదో మేనేజరు చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. పొద్దు వాలేసరికి ఆడవాళ్ళు మర్నాటికి ఎవరు అన్నం వండి తేవాలో, ఎవరు పచ్చడి తేవాలో పంచుకోవటం మొదలుపెట్టారు. శాంతయ్య వంతుకి మజ్జిగ పడింది.